చేతులు చూపించండి సిస్టర్

నర్సు లైసెన్సు కోసం ఇచ్చిన మీ వేలిముద్రలు చదవడానికి వీలుగా లేవన్న ఉత్తరం రెండోసారి వచ్చిన రోజు నేను నైట్ డ్యూటీ దిగి అప్పుడే ఇంటికి వచ్చాను. కవరు చింపి చదివి, తెలియకుండానే నా చేతుల వైపు చూసుకున్నాను. పన్నెండు గంటల డ్యూటీలో ఎన్నిసార్లు చేతులు కడుగుతానో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. మంచం దగ్గరికి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి, గ్లౌజులు తొడిగే ముందు, తీసిన తర్వాత, మధ్యమధ్యలో శానిటైజర్. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. బొటనవేలి గీతలు పాత రూపాయి బిళ్ల మీద అంకెలా అరిగిపోయాయి. రోగికి నా వల్ల హాని జరగకూడదని కడిగి కడిగి అరగదీసుకున్న వేళ్లు ఇవి. నా వల్ల రోగికి హాని లేదని చెప్పాల్సి వచ్చేసరికి నోరు మెదపలేదు.

అప్పటికి నేను ఇల్లినాయిస్ నుంచి టెక్సాస్‌కు మారి మూడు నెలలు. అమెరికాలో ఒక రాష్ట్రపు నర్సు లైసెన్సు మరో రాష్ట్రంలో చెల్లడానికి నర్స్ లైసెన్సర్ కాంపాక్ట్ అని ఒక ఒప్పందం ఉంది. నలభైకి పైగా రాష్ట్రాలు అందులో చేరాయి, ఇల్లినాయిస్ చేరలేదు. కాబట్టి టెక్సాస్‌లో కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. పరీక్ష మళ్లీ రాయనక్కర్లేదు, చదువు మళ్లీ చదవనక్కర్లేదు, వేలిముద్రలు మాత్రం మళ్లీ ఇవ్వాలి. గుంటూరులో జీఎన్ఎం నర్సింగు డిప్లొమా చదివి, హైదరాబాదులో నాలుగేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి ఈ దేశం వచ్చినదాన్ని. గ్రీన్ కార్డుకు ఇచ్చాను, ఇల్లినాయిస్ లైసెన్సుకు ఇచ్చాను. పదేసి వేళ్లూ ప్రతిసారీ.

ముద్రలు తీసే చోటు ఒక చిన్న గది. పక్క గదిలో పన్నుల లెక్కలు రాసిపెడతారు, ఎదురుగా డోనట్ల కొట్టు. లోపల అద్దం పలక ఉన్న యంత్రం, దాని వెనక ఇరవై ఏళ్లు కూడా నిండినట్లు లేని అమ్మాయి. నా వేళ్లు చూడగానే అడిగింది, "మీరు నర్సా?" అని. ముద్రలు సరిగా పడనివాళ్లలో నర్సులు, తాపీమేస్త్రీలు, జుట్టు కత్తిరించేవాళ్లు ఎక్కువట. సీసాలోంచి ఏదో లోషన్ తీసి నా వేళ్లకు రుద్దింది. "వేలు బిగబట్టకండి, నాకు వదిలేయండి" అంది. రక్తం తీసే ముందు రోగులకు రోజూ నేను చెప్పే మాట అదే. ఒక్కొక్క వేలిని గోరు అంచు నుంచి గోరు అంచు వరకు దొర్లిస్తూ ఉంటే, తెర మీద ఎర్ర గడి వచ్చినప్పుడల్లా "సారీ" అంటూ మళ్లీ మొదలుపెట్టింది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు.

కోపం వచ్చింది ఆవిడ సంతకం పెట్టమని ఇచ్చిన కాగితం మీద. అలాంటి కాగితాలు మామూలుగా నేనూ చదవను. ఆ రోజు వరసలో నలుగురు ఉన్నారు కనుక చదివాను. రాష్ట్రాలు తమ చట్టం ప్రకారం లైసెన్సు కోసం వచ్చినవాళ్ల ముద్రలను ఎఫ్‌బీఐకి పంపి నేరచరిత్ర అడగవచ్చని 1972లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. అక్కడిదాకా అర్థమైంది. అడిగిన పని అయిపోయాక ముద్రలు ఏమవుతాయి? అక్కడే ఉండవచ్చట. తర్వాత చేరే ముద్రలతో పోలుస్తూనే ఉండవచ్చట. ఎంతకాలం అని ఇంటికొచ్చి వెతికితే, ఎఫ్‌బీఐ భాండాగారంలో మనిషికి 110 ఏళ్లు నిండేవరకు, లేదా చనిపోయినట్లు రూఢిగా తెలిశాక ఏడేళ్ల వరకు ఉంచే నియమం కనిపించింది. మా తాతముత్తాతల్లో ఎవరూ ఎనభై దాటలేదు. ఆ సర్కారు నా ఆయుష్షు మీద పెట్టుకున్న ఆశ మా వంశంలో ఎవరూ పెట్టుకోలేదు.

ఇక్కడే నాకు లెక్క కుదరదు. ఇల్లినాయిస్‌లో ఇచ్చిన నా ముద్రలు అట్టే పెట్టుకున్నట్లయితే టెక్సాస్‌కు మళ్లీ ఎందుకు ఇవ్వాలి? ప్రతి రాష్ట్రానికీ, ప్రతి లైసెన్సుకూ కొత్తగా ఇచ్చి తీరాలంటే పాతవి ఎందుకు దాచాలి? ఒక రాష్ట్రం తన అవసరానికి తెప్పించుకున్న నివేదికను మరో రాష్ట్రానికి ఇవ్వకూడదని నియమం ఉందని, అది నా గోప్యత కోసమేనని సమాధానం వస్తుంది. బాగుంది. నివేదికకు ఉన్నపాటి గోప్యత వేలికి లేకపోయింది. ఖర్చు ప్రతిసారీ నాదే అని వేరే చెప్పనక్కర్లేదు.

రెండుసార్లు ముద్రలు పడకపోతే పేరుతో వెతుకుతారు. వినడానికి సులువుగా ఉంది కదా. అయితే వెతికేది తెలుగు పేరు. పదో తరగతి సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో అది విప్పి రాశారు. వీసా మీద ఇంటిపేరు చివరికి వెళ్లింది. పెళ్లయ్యాక మా ఆయన ఇంటిపేరు చేరింది. అసలు పేరులో "వెంకట" ఉంది. అది కొన్ని కాగితాల్లో విడిగా, కొన్నిట్లో కలిసి, ఒకచోట మధ్య పేరుగా నిలబడింది. సరే, పుట్టినతేదీ ఉంది కదా అనుకుంటారు. నా పుట్టినతేదీ జూన్ 1. ఆ తేదీ మా అమ్మ చెప్పింది కాదు, బడిలో చేర్చుకున్న హెడ్మాస్టరు గారు వేసింది. మా తరగతిలో పదిహేను మందికి అదే పుట్టినరోజు. ఇంటిపేరు ఎటు పోయిందో తెలియని, పుట్టినతేదీ హెడ్మాస్టరు ఇచ్చిన ఒక మనిషి నేరం చేసిందో లేదో వాళ్లు వెతికి, లేదని తేల్చారు. లైసెన్సు వచ్చింది. ఆ మనిషి నేనేనని వాళ్లు ఎలా నమ్మారో ఇప్పటికీ తెలియదు.

ఆ వారంలోనే అమ్మకు ఫోన్ చేశాను. తనకూ అదే గొడవ. నాన్న పోస్టుమాన్‌గా చేసి రిటైరయ్యాడు, తర్వాత చనిపోయాడు. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. నవంబరు వచ్చిందంటే బతికే ఉన్నానని ఏటా రుజువు చూపాలి. జీవన్ ప్రమాణ్ అని 2014లో మొదలైన ఏర్పాటులో ఆ రుజువు వేలిముద్రతో ఇస్తారు. నాన్న జీతం చాలక అమ్మ ఏళ్ల తరబడి మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లింది. ఆ వేళ్లలో గీతలు ఎక్కడుంటాయి? యంత్రం నాలుగుసార్లు ఎర్రలైటు వేసింది. "ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నానమ్మా, బతికే ఉన్నానని నేను చెబితే చాలదా?" అంది. చివరికి కన్ను చూపించి బతికి ఉన్నట్లు ఒప్పించింది.

పెన్షన్ల దగ్గర వేలిముద్ర ఈనాటిది కాదు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే దొర, రోడ్డు కంకర సరఫరాకు ఒప్పుకున్న రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు. మాట తప్పకుండా భయపెట్టడానికి. 1877లో హుగ్లీకి వచ్చాక పింఛనుదారుల పేరుతో వేరేవాళ్లు డబ్బు తీసుకోకుండా వేలిముద్రలు పెట్టించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది, ప్రపంచంలో అదే మొదటిదంటారు. ముద్రలను వర్గాలుగా విడగొట్టి వెతికే పద్ధతికి లెక్క కట్టినవాళ్లు అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ఈ విద్య మన నేల మీద పుట్టింది మనల్ని నమ్మనివాళ్ల చేతుల్లో. 1871 నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని ముద్ర పడిన కులాల పేర్లు రిజిస్టర్లకెక్కాయి. బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఆ చట్టం నీడలో ఏర్పడిన సెటిల్‌మెంటు. ఆ చట్టం 1952లో పోయింది, ఊరి పేరు చెబితే ఎగాదిగా చూసే చూపు పోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. మా ఇళ్లల్లో వేలిముద్ర అంటే చదువురానితనం కూడా. అమ్మ నలభై ఏళ్లు దాటాక సంతకం నేర్చుకుని, నాన్న చేత పోస్టాఫీసు ఫారాలు తెప్పించుకుని మరీ ప్రాక్టీసు చేసింది. బొటనవేలికి సిరా పూసుకునే అవమానం ఇక లేదనుకుంది. ముప్పై ఏళ్లు తిరగకుండా ఆవిడ సంతకం దేనికీ పనికిరాకుండా పోయింది, వేలు మళ్లీ ముందుకొచ్చింది.

ఇంత చదివాక నేను తనిఖీలే వద్దంటున్నానని అనుకోవద్దు. రాత్రి రెండు గంటలకు ఐసీయూలో నర్సు చేతిలో ఏమేమి ఉంటాయో బయటివాళ్లకు తెలియదు. మత్తులో పడి ఉన్న మనిషి, ఆవిడ మెడలో ఇంకా తీయని పుస్తెలతాడు, మార్ఫిన్ ఉన్న అలమర, ప్రాణం ఉన్న సెలైన్ గొట్టం. అంత నమ్మకం ఉంచాల్సిన చోట ఎవరు నిలబడుతున్నారో చూడటం తప్పు కాదు. తనిఖీ మాకూ అవసరమే. ముంబయి కేఈఎం ఆసుపత్రిలో 1973 నవంబరు 27న అరుణా శాన్‌బాగ్ అనే నర్సు మీద దాడి చేసింది బయటి దొంగ కాదు, అదే ఆసుపత్రిలో పనిచేసే మనిషి. 2015 మే 18న చనిపోయేవరకు, నలభై రెండేళ్లకు దగ్గరగా, ఆవిడను మంచం మీద చూసుకున్నది తోటి నర్సులే. పక్కన పనిచేసేవాడెవడో తెలుసుకునే హక్కు మాకు లేదని నేను అనలేను.

కాలిఫోర్నియా కథ కూడా తనిఖీ వైపే మాట్లాడుతుంది. అక్కడ 1990 నుంచి కొత్తగా లైసెన్సు తీసుకునేవాళ్ల ముద్రలు తీసుకునేవారు. అంతకుముందు తీసుకున్నవాళ్లను అడగలేదు. పెద్ద నేరాల్లో శిక్ష పడిన కొందరు నర్సులు లైసెన్సు ఊడకుండా పనిచేస్తూనే ఉన్నారని 2008లో పత్రికలు తవ్వి బయటపెట్టాక, 2009లో పాతవాళ్లందరూ ఇచ్చి తీరాలన్నారు. నా స్నేహితురాలి అత్తగారు అప్పటికి ముప్పై ఏళ్ల సర్వీసున్న నర్సు, ఇదేమి అవమానం అని నెల రోజులు గొణిగింది. నేనైతే ఆవిడ పక్షం తీసుకోలేదు.

నా పేచీ వేరే. వేలిముద్ర పోలీసు రికార్డులో ఉన్నదాన్ని పట్టుకుంటుంది. రోగులకు నిజంగా ప్రాణాంతకంగా మారిన నర్సుల సంగతి పోలీసు రికార్డులో ఉండదు, ఆసుపత్రి అలమరలో ఉంటుంది. చార్లెస్ కల్లెన్ అనే నర్సు న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల్లో పదహారేళ్లపాటు తొమ్మిది ఆసుపత్రులు, ఒక నర్సింగ్ హోమ్ తిరిగాడు. 2003 డిసెంబరులో అరెస్టయ్యాక దాదాపు నలభై మందిని చంపానని చెప్పాడు, 29 హత్యలు కోర్టులో ఒప్పుకున్నాడు. అతని మీద అనుమానం వచ్చిన ఆసుపత్రులు లేకపోలేదు. ఉద్యోగంలోంచి పంపేశాయి, లేదా వెళ్లిపోనిచ్చాయి. తర్వాతి ఆసుపత్రి అడిగితే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనిచేశాడని మాత్రమే చెప్పాయి. నిజం చెబితే పరువునష్టం దావా వేస్తాడని భయం. జర్మనీలో నీల్స్ హోగెల్‌ది ఇంకా ఘోరం. ఓల్డెన్‌బర్గ్ ఆసుపత్రి అతన్ని వదిలించుకుంటూ మంచి సిఫారసు పత్రం ఇచ్చి పంపింది. అతను డెల్మెన్‌హోర్స్ట్‌లో చేరి చంపడం కొనసాగించాడు. 2019లో 85 హత్యలకు శిక్ష పడింది. ఆ పత్రం మీద సంతకం పెట్టినవాళ్ల వేలిముద్రలు ఎవరూ అడగలేదు.

న్యూజెర్సీ బుద్ధి తెచ్చుకుని 2005లో చట్టం చేసింది. రోగుల భద్రతకు ముప్పు తెచ్చిన ఉద్యోగి గురించి ఆసుపత్రి ప్రభుత్వానికి చెప్పాలి, మరో ఆసుపత్రి అడిగితే నిజం చెప్పాలి, సదుద్దేశంతో చెప్పినవాళ్లకు దావాల నుంచి రక్షణ ఉంటుంది. దేశం మొత్తానికీ 1990లో మొదలైన ఒక డేటా బ్యాంకు ఉంది. 2010 నుంచి నర్సుల మీద, లైసెన్సులిచ్చే రాష్ట్ర నర్సింగ్ బోర్డులు తీసుకున్న చర్యలన్నీ అందులో చేరుతున్నాయి. కానీ బోర్డు దాకా రాని వ్యవహారం అందులో ఎలా చేరుతుంది? "రాజీనామా ఇచ్చేయండి, మేమూ ఏమీ రాయం" అని మూసిన గదిలో జరిగే మాటకు ముద్ర పడదు. ఆ గది తలుపు తెరవడం కష్టం, ఖర్చు, లాయర్ల పని. నర్సు వేలు పట్టుకోవడం సులువు. అందుకే వేలు పట్టుకున్నారు. పట్టుకున్నాక, తనిఖీ అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నాకు భయం వేసేది ఆ ఊపిరి చూసి.

ఇంకో నష్టం ఉంది, అది మా మీద కన్నా నల్లజాతి తోటి ఉద్యోగుల మీద ఎక్కువ పడుతుంది. నాతో పనిచేసిన ఒకావిడ పందొమ్మిదేళ్ల వయసులో ఒక గొడవలో అరెస్టయింది. కేసు నిలబడలేదు, కొట్టేశారు. ఇరవై ఏళ్ల తర్వాత లైసెన్సుకు దరఖాస్తు పెడితే నివేదికలో అరెస్టు వచ్చింది, కొట్టేసిన సంగతి రాలేదు. ఆ కోర్టు కాగితం కోసం రెండుసార్లు సెలవు పెట్టి వేరే ఊరు వెళ్లింది. తోడు వెళ్లిన రోజు నేను చూశాను, కౌంటరు దగ్గర నిలబడి పందొమ్మిదేళ్లప్పటి తన ఫోటో ఉన్న ఫైలును ముట్టుకోకుండా దూరం నుంచి చదివింది. ఇది ఒక్కరి దురదృష్టం కాదు. జాతీయ రికార్డుల్లో దాదాపు సగానికి కేసు చివరికి ఏమైందన్న సమాచారం లేదని 2006లో అమెరికా అటార్నీ జనరల్ నివేదికే ఒప్పుకుంది. తప్పుంటే సవాలు చేసే హక్కు దరఖాస్తుదారుకు ఉంది. తిరిగే పని కూడా దరఖాస్తుదారుదే.

పోనీ, ఇవన్నీ భద్రంగానైనా ఉంటాయా? 2015లో అమెరికా ప్రభుత్వ సిబ్బంది వ్యవహారాల కార్యాలయం నుంచి దాదాపు 56 లక్షల మంది వేలిముద్రలు చోరీ అయ్యాయి. ఏటీఎం పిన్ను పోతే మార్చుకుంటాం. వేళ్లు పోతే ఏం చేస్తారో ఆ 56 లక్షల మందికి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి నేను అడిగేది పెద్దదేమీ కాదు. ముద్ర అడగండి, ఇస్తాను. దాచుకుంటే రెండోసారి అడగకండి. లైసెన్సు వదులుకున్న రోజు చెరిపేయండి, 110 ఏళ్లు నా కోసం ఎదురుచూడకండి. అరెస్టు రాసేటప్పుడు కేసు ముగింపు కనుక్కుని రాసే బాధ్యత మీరే తీసుకోండి. ముప్పని తెలిసీ మంచి పత్రం రాసిచ్చి పంపే ఆసుపత్రి అధికారిని, నేరం దాచిన నర్సుతో సమానంగా చూడండి. నాకు లైసెన్సు కావాలి, ఇంటి అద్దె కట్టాలి, కాబట్టి ఆ కాగితం మీద సంతకం పెట్టాను. దాన్ని నా అంగీకారం అని మాత్రం పిలవకండి. 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కని చెప్పినప్పుడు నేను డల్లాస్‌లో సెలవులో ఉండి, ఇక్కడి తోటి నర్సులకు గొప్పగా చెప్పుకున్నాను.

ఆ గొప్ప ఎంతవరకు నిలిచిందో కూడా చెప్పాలి.

కిందటేడు అమ్మ కాలు జారి పడింది. తుంటి ఆపరేషన్ అయ్యాక ఇంట్లో చూసుకోవడానికి మనిషి కావాల్సి వచ్చింది. ఒక ఏజెన్సీ వాళ్లతో మాట్లాడాను. నేను అడిగిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు, "పోలీసు వెరిఫికేషన్ అయిందా?" అని. రెండో ప్రశ్న, "ఆధార్ పంపుతారా?" పది నిమిషాల్లో వాట్సాప్‌లో వచ్చేసింది. పన్నెండు అంకెలూ కనిపించేలా ఆధార్ కార్డు, ఆ అమ్మాయి పదో తరగతి మార్కులు, ఫోటో, భర్త పేరు కొట్టేసిన పాత రేషన్ కార్డు. పోలీసు వెరిఫికేషన్ సంగతి మాత్రం రాలేదు. నేను వాటిని తమ్ముడికి పంపాను. తమ్ముడు మరదలికి పంపాడు. ఎందుకైనా మంచిదని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు కూడా పంపారు. ఇరవై నాలుగేళ్ల పిల్ల బతుకంతా మూడు రోజుల్లో ఆరు ఫోన్లలోకి వెళ్లింది. ఆ పిల్లను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. మార్కుల జాబితా చూసి లెక్కల్లో తప్పిందని తమ్ముడితో నవ్వాను కూడా.

ఆ అమ్మాయి వచ్చాక మొదటి నవంబరులో అమ్మ వేలికి కొబ్బరినూనె రాసి, పాత చీర గుడ్డతో తుడిచి, వెచ్చగా రుద్ది యంత్రం మీద పెట్టించిందట. ఒక్కసారికే పచ్చలైటు వచ్చిందని అమ్మ సంబరంగా చెప్పింది. ఆ అమ్మాయికి ఫోన్ ఇమ్మన్నాను. "మీ కాగితాలు మాకు పంపేటప్పుడు మీకు చెప్పారా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "ఏ కాగితాలు మేడమ్?" అంది.

నా ఫోన్‌లో ఉన్నవి అప్పుడే తీసేశాను. తమ్ముడిని తీసేయమన్నాను, తీసేశానన్నాడు. వాచ్‌మన్ ఉద్యోగం మారి వెళ్లిపోయాడట, ఫోన్‌తో సహా. ఏజెన్సీకి రాశాను, ఆ అమ్మాయి పత్రాలు ఇకపై ఎవరికీ ఇలా పంపవద్దని, పంపినవాళ్లందరి పేర్లు ఆమెకు చెప్పమని, నాలుగు పేరాలు. రెండు నీలం టిక్కులు పడ్డాయి. సాయంత్రానికి జవాబు వచ్చింది, ఒక బొటనవేలి బొమ్మ.